నొప్పి బిళ్ళ ఒక్కటే దిక్కయితే

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయినవాణ్ని. ఒకప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని పత్తి, మిరప ఊళ్ల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. 2022 ఏప్రిల్‌లో వాటిలో కొన్ని పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లాయి కానీ జనం జబ్బులు, జనం పనులు మారలేదు. మందుల కిటికీ లోపల కూర్చున్నవాడికి ఒక సంగతి త్వరగా తెలుస్తుంది: మా వాళ్లు జబ్బు పేరు చెప్పి మందు అడగరు, నొప్పి ఎక్కడుందో చెప్పి అడుగుతారు.

ఈ ఉత్తరం ఒకే ఒక్క నొప్పి గురించి. క్యాన్సర్ ఎముకలోకి చేరినప్పుడు వచ్చే నొప్పి. దానికి మా పల్లెల్లో దొరుకుతున్నది దాదాపు ఒకే రకం మందు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి, వాపును తగ్గించే నొప్పి బిళ్ళలు. ఆ బిళ్ళ మంచి మందే. దాన్ని ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు, ఏ పరీక్ష చేసి ఇవ్వాలి, అది చాలనప్పుడు తర్వాతి మందు ఎక్కడ దొరుకుతుంది అని చూసే ఏర్పాటు మాత్రం ఊరి దాకా రాలేదు. ఆ ఏర్పాటు మీ చేతిలో ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందు మా ప్రాంతంలో నొప్పి ఎలా నడుస్తుందో చెప్పాలి. సంక్రాంతి దాటిందంటే మిరపకోతలు ఊపందుకుంటాయి. పొద్దు పొడవక ముందే కూలీలు ఆటోల్లో బయల్దేరతారు. పగలంతా నడుం వంచి కాయ కోసి, కల్లంలో పోసి, తాలుకాయ ఏరి ఇంటికొచ్చేసరికి నడుం, మోకాళ్లు, భుజాలు పట్టేసి ఉంటాయి. పత్తి తీతల్లోనూ అంతే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అనే బస్తాలు మోసే హమాలీకి వెన్నునొప్పి లేని రోజే ఉండదు. సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర ఒక నొప్పి సూది, మందుల షాపులో నాలుగు బిళ్ళలు, మర్నాడు మళ్లీ చేలోకి. ఒక రోజు కూలి పోతే ఆ వారం ఇల్లు నడవదు. కాబట్టి వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు గానీ మరెవరికి గానీ లేదు.

పశ్చిమ ప్రకాశానిది మరో కష్టం. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది ఈ నేల గురించే. 1937లో ఆ పరిశోధన అచ్చయ్యేనాటికి దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నీళ్లు తాగి పెరిగిన తరాలకు కీళ్ల నొప్పులు, బిగుసుకుపోయిన వెన్ను కొత్త కాదు. ఎవరైనా ఎముకల్లో నొప్పి అంటే పక్కవాళ్ల జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘ఫ్లోరైడ్ లే.’ ఎక్స్‌రే కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. ఫ్లోరైడ్ పట్టిన ఎముకా, ప్రోస్టేట్ క్యాన్సర్ పాకిన ఎముకా రెండూ ఫిల్ము మీద తెల్లగా, దట్టంగానే కనిపించవచ్చు.

ఇలాంటి చోట క్యాన్సర్ నొప్పి మిగతా నొప్పుల గుంపులో కలిసిపోతుంది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకకు పాకే స్వభావం ఉన్నవి. మల్టిపుల్ మైలోమా అనేది ఎముక మజ్జలోనే పుడుతుంది. పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ మధ్య పిల్లలకు మోకాలి దగ్గర వచ్చే ఆస్టియోసార్కోమా ఎముకలోనే మొదలవుతుంది; కబడ్డీలో బెణికిందనుకుని తోమించి, పుత్తూరు కట్టు వేయించి, నెలలు పోగొట్టుకున్నాక ఆసుపత్రికి వస్తారు. ఎక్స్‌రే తీయించకుండా పిల్లల మోకాలి వాపుకు కట్టు వేయించకూడదని ప్రతి బడిలో చెప్పించినా ఎంతో మేలు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉండేది. మిరపకోతల్లో ఆమె ముఠాకు ఆమే పెద్ద. తుంటి నొప్పి అని నెలల తరబడి సూదులు వేయించుకుంది. పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రిపూట పెరిగే నొప్పి వేరు, పని నొప్పి వేరు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక పెద్దాసుపత్రిలో రొమ్ము క్యాన్సర్ అనీ, తుంటికి, వెన్నుకు పాకిందనీ తేలింది. అక్కడ క్యాన్సర్‌కు వైద్యం మొదలుపెట్టారు. ఇంటికి పంపేటప్పుడు నొప్పి కోసం రాసిచ్చిన చీటీ నాకు చూపించింది. అందులో ఉన్నది అప్పటికే ఆమె షాపులో కొనుక్కుని మింగుతున్న బిళ్ళే. కడుపు కాపాడే మందు లేదు. కిడ్నీ పరీక్ష జరిగినట్టు కాగితాల్లో ఎక్కడా లేదు. కొన్ని వారాలకు విరేచనం నల్లగా అయింది, కళ్లు తిరిగి పడిపోయింది, రక్తం ఎక్కించాల్సి వచ్చింది. బిళ్ళ ఆపేశారు. దాని బదులు ఏమీ ఇవ్వలేదు. ఆమె నొప్పికి ఆ తర్వాత మందే లేకుండా పోయింది. నా కోపమంతా అక్కడే. మందు పడకపోతే ఆపాల్సిందే. ఒక మందు ఆపిన చోట మరో మందు పెట్టకపోవడం మాత్రం వైద్యం కాదు.

ఆ బిళ్ళ ఎందుకు మంచిదో కూడా చెప్పాలి, లేకపోతే దాన్ని భూతంలా చూసే ప్రమాదం ఉంది. ఎముక పైపొరలో నరాల కొసలు చాలా ఎక్కువ. క్యాన్సర్ కణాలు ఎముకలో చేరినప్పుడు ఎముకను తినే కణాలను రెచ్చగొడతాయి. అవి ఆమ్లాన్ని వదిలి ఎముకను కరిగిస్తాయి. ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పేరుకుంటాయి. అవి నరాల కొసలను ఎంత సున్నితం చేస్తాయంటే, మంచం మీద పక్కకు తిరగడం కూడా భరించలేని నొప్పవుతుంది. ఆస్పిరిన్ జాతి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. అంటే ఎముక క్యాన్సర్ నొప్పి పుట్టే చోటికే ఈ బిళ్ళ వెళ్లి పనిచేస్తుంది. మార్ఫిన్ వాడుతున్న మనిషికి దీన్ని జతచేస్తే కదిలినప్పుడు వచ్చే పోటు తగ్గి, మార్ఫిన్ మోతాదు పెంచాల్సిన అవసరం తగ్గడం చాలామంది డాక్టర్లు చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల విధానం ప్రకటించినప్పుడు మొదటి మెట్టు మీద పెట్టింది పారాసెటమాల్‌తోపాటు వీటినే.

పరిశోధనల బలం మాత్రం మనం అనుకునేంత లేదు. 2017లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ వడపోసి, క్యాన్సర్ నొప్పికి ఈ మందులు పనిచేస్తాయనడానికి గానీ చేయవనడానికి గానీ నాణ్యమైన ఆధారం లేదని తేల్చింది. కొందరికి మంచి గుణం కనిపిస్తుంది, కొందరికి ఏమీ ఉండదు. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు వారం, పది రోజులు సరైన మోతాదులో ఇచ్చి చూస్తారు. గుణం లేకపోతే ఆపేస్తారు. మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. గుణం లేకపోతే ఇంకో బిళ్ళ కలుపుతారు. పొద్దున ఎసిక్లోఫెనాక్, మధ్యాహ్నం ఐబుప్రొఫెన్, రాత్రికి డైక్లోఫెనాక్ సూది. ఈ జాతి మందుకు ఒక పైహద్దు ఉంది. డైక్లోఫెనాక్ అయితే రోజుకు 150 మిల్లీగ్రాములు. అది దాటినా, రెండు మూడు కలిపినా నొప్పి అదనంగా తగ్గదు, కడుపుకూ కిడ్నీకీ దెబ్బ మాత్రం పెరుగుతుంది. బ్రాండు పేర్లు వేరైనా లోపలి మందు ఒకటేనన్న సంగతి అట్ట మీది సన్నటి అక్షరాల్లో ఉంటుంది, అది చదివి చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు.

ఇక మా నేలకు ప్రత్యేకమైన ప్రమాదం. రెంటచింతల ఎండల గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. రాష్ట్రమంతా వేసవిలో ఆ ఊరి పేరు వార్తల్లో వింటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు తమకు రక్తం చాలినంత అందేట్టు చూసుకునేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల సాయంతోనే. నొప్పి బిళ్ళ వాటినే ఆపేస్తుంది. వాంతులతో, ఆకలి లేక, నీళ్లు కూడా సరిగా తాగలేని క్యాన్సర్ రోగికి ఏప్రిల్, మే నెలల్లో రోజూ ఈ బిళ్ళ ఇవ్వడమంటే కిడ్నీల మీద నేరుగా చెయ్యి వేయడమే. అదే మనిషి బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి వాడుతూ, ఒళ్లు ఉబ్బిందని నీరు తీసే బిళ్ళ కూడా వేసుకుంటుంటే ప్రమాదం మరింత తీవ్రం. 104 వాహనంలో బీపీ, షుగర్ బిళ్ళలు నెలనెలా తెచ్చిస్తున్నారు. మంచి పని. అదే రోగి నొప్పి బిళ్ళలు కూడా మింగుతున్నాడా అని అడగడం ఆ వాహనం చేయగల మరో మంచి పని. కనిగిరి, పామూరు, పెదచెర్లోపల్లి వైపు కిడ్నీ జబ్బులతో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మీ శాఖకు తెలుసు. అలాంటి ఊళ్లలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఎవరికీ నెలల తరబడి ఈ బిళ్ళలు రాయకూడదు.

మైలోమా సంగతి మరీ సూటిగా చెప్పాలి. ఆ జబ్బు తయారుచేసే మాంసకృత్తులే కిడ్నీలను పాడుచేస్తాయి. వాళ్లకు ఈ బిళ్ళలు వీలైనంతవరకు ఇవ్వకూడదు. కానీ మైలోమా రోగి మొదట వచ్చేదే వెన్నునొప్పితో! జబ్బు బయటపడక ముందే, నొప్పికని మింగిన బిళ్ళలతో కిడ్నీ దెబ్బతిని ఆసుపత్రికి చేరేవాళ్లున్నారు. యాభై దాటిన మనిషికి తగ్గని వెన్నునొప్పి, దానితోపాటు రక్తహీనత ఉంటే ఒక్క రక్తపరీక్ష, ఒక్క ఎక్స్‌రే అయినా చేయకుండా పంపవద్దని పీహెచ్‌సీలకు ఆదేశం ఇవ్వండి.

కీమోథెరపీ నడుస్తున్నవాళ్లకు ఇంకో రెండు చిక్కులు. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం ఒక్కటే ప్రమాద ఘంటిక, ఈ బిళ్ళ ఆ జ్వరాన్ని కప్పేస్తుంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఎలాగూ తగ్గి ఉంటాయి, ఉన్నవాటి పనిని కూడా ఇది అడ్డుకుంటుంది. దీనికి డెక్సామెథసోన్ స్టెరాయిడ్ తోడైతే కడుపులో పుండు పడే ముప్పు బాగా పెరుగుతుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మందు ముందు నుంచే ఇస్తే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. ‘గ్యాస్ బిళ్ళ’ పేరుతో షాపులో ఏది పడితే అది ఇస్తే సరిపోదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్ వద్దని 2013లో యూరప్ ఔషధ సంస్థ చెప్పింది. 2004లో ఇదే జాతికి చెందిన రోఫెకాక్సిబ్‌ను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది గుండెపోట్ల వల్లనే. ఇవన్నీ మీ శాఖలోని నిపుణులకు తెలిసినవే. ఊళ్లో సూది వేసేవాడికి తెలియవు. అతను చెడ్డవాడు కాడు, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది అతనొక్కడే. అతనికి ఒక్క పూట శిక్షణ ఇచ్చి, ఏ నొప్పిని తన దగ్గర ఉంచుకోకూడదో చెప్పగలిగితే క్యాన్సర్ రోగులు ఎన్నో నెలల ముందే ఆసుపత్రికి చేరతారు. వెన్నునొప్పితోపాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా అది వెన్నుపాము నలుగుతున్న సూచన. ఆ మనిషిని గంటల్లో పెద్దాసుపత్రికి పంపాలి, లేకపోతే కాళ్లు మళ్లీ రావు. నిలబడి బరువు మోపినప్పుడల్లా తొడ ఎముకలో పోటు వస్తుంటే ఆ ఎముక విరగబోతోందేమో చూడాలి. విరగకముందే లోపల రాడ్డు వేసి కాపాడవచ్చు.

బిళ్ళ దాటి ఏమున్నాయో చూద్దాం. ఎముక నొప్పికి అన్నిటికన్నా చౌకగా, సులువుగా పనిచేసే వైద్యాల్లో ఒకటి రేడియేషన్. నొప్పి ఉన్న చోట 8 గ్రే మోతాదు ఒకే ఒక్కసారి ఇస్తే, పది రోజులు విడతలుగా ఇచ్చినదానితో సమానంగా నొప్పి తగ్గుతుందని అనేక దేశాల ప్రయోగాల్లో రుజువైంది. ఒకేసారి ఇచ్చినవాళ్లలో తర్వాత మళ్లీ అవసరం కాస్త ఎక్కువగా పడుతుంది, అప్పుడు మళ్లీ ఇవ్వవచ్చు కూడా. మార్కాపురం నుంచో వినుకొండ నుంచో వచ్చే రోగికి, తోడు వచ్చేవాడి కూలికి, గుంటూరులో గది అద్దెకు ఈ తేడా చాలా పెద్దది. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. నొప్పి కోసం వచ్చిన దూరపు రోగికి వీలైతే ఒకే రోజులో రేడియేషన్ ముగించి పంపే పద్ధతి పెట్టండి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగవచ్చు కూడా. ఆ మధ్యకాలం గట్టెక్కించడానికి నొప్పి బిళ్ళ, అవసరమైతే స్టెరాయిడ్, మార్ఫిన్ ఉండాలి. నా దృష్టిలో నొప్పి బిళ్ళకు అసలైన చోటు అదే, తక్కిన వైద్యం పక్కన, పరిమిత కాలానికి, కాపలాతో.

ఎముకను గట్టిపరిచే జోలెడ్రోనిక్ యాసిడ్ సూది కూడా ఉంది. ఎముకలు విరగడాన్ని, నొప్పిని తగ్గిస్తుంది. దాన్ని ఇచ్చే ముందు కిడ్నీ పరీక్ష చేయాలి, పళ్లు చూపించుకోవాలి, లేకపోతే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ సూది తీసుకుంటూ ఇంటి దగ్గర నొప్పి బిళ్ళలు కూడా మింగుతుంటే కిడ్నీకి రెండు వైపుల నుంచీ దెబ్బే.

ఇప్పుడు మార్ఫిన్. అసలు అడగాల్సింది ఇదే. మన దేశం అనుమతులతో నల్లమందు పండించే దేశం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు పండిస్తారు, నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలు ఉన్నాయి. అయినా 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం మన దేశపు నొప్పి అవసరంలో మనవాళ్లకు అందుతున్నది 4 శాతమే. 1985లో మాదక ద్రవ్యాల చట్టం వచ్చాక భయంతో ఆసుపత్రులు, షాపులు మార్ఫిన్ పెట్టడం మానేశాయి. ఆ తర్వాతి పన్నెండేళ్లలో వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. దీన్ని సరిచేయడానికే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్‌లతో సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, 2015లో దేశమంతటికీ ఒకే నిబంధనలు పెట్టారు. నొప్పి వైద్యంలో శిక్షణ ఉన్న డాక్టరుంటే, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపుతో ఆసుపత్రి ఈ మందులు పెట్టుకోవచ్చు. ఇదివరకులా నాలుగైదు లైసెన్సుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఆ ఔషధ నియంత్రణ శాఖ ఉన్నది మీ కిందే.

కాబట్టి అడుగుతున్నాను. నరసరావుపేట, తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏ ఏ చోట మార్ఫిన్ మాత్ర దొరుకుతుందో పేరుపేరునా జాబితా ప్రకటించండి. గుర్తింపు లేని చోట ఎప్పటిలోగా తెస్తారో తేదీ చెప్పండి. ప్రతిచోటా ఇద్దరు డాక్టర్లకు, ఇద్దరు నర్సులకు శిక్షణ ఇప్పించండి. ఇద్దరని ఎందుకంటున్నానంటే, ఒకరు బదిలీ అయితే మందు తాళం వేసిన బీరువాలో ఉండిపోవడం నా ఉద్యోగంలో చూశాను. ఆ స్టాకు చూసుకునే ఫార్మసిస్టుకు కూడా శిక్షణ కావాలి. రిజిస్టర్‌లో ఒక్క అంకె తేడా వస్తే తనను జైల్లో పెడతారేమో అన్న భయం అతనికి ఉంటే రోగికి ‘స్టాకు లేదు’ అనే జవాబే వస్తుంది.

ఈ భయం చిన్నది కాదు. మత్తుమందుల మీద మీ ప్రభుత్వం ఈగల్ విభాగంతో గట్టిగా పనిచేస్తోంది, మందుల షాపుల్లో తనిఖీలు చేస్తోంది. చేయాల్సిందే. ఈ జిల్లాల్లో పిల్లలు మత్తు బిళ్ళలకు అలవాటు పడటం నాకూ కడుపు రగిలే విషయమే. 2018లో ట్రమడాల్ అనే నొప్పి మందును కూడా మాదక ద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అయితే తనిఖీకి వెళ్లే అధికారికి, డాక్టరు చీటీతో మార్ఫిన్ తీసుకెళ్లే క్యాన్సర్ రోగి కొడుకును ఆపకూడదని కూడా రాతపూర్వకంగా చెప్పి పంపాలి. నొప్పి కోసం, డాక్టరు కనిపెట్టి చూస్తూ ఇచ్చిన మార్ఫిన్‌తో వ్యసనపరులయ్యేవాళ్లు అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికి విరేచనాల మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మార్ఫిన్ మోతాదు తగ్గించాలి, లేదా ఫెంటానిల్ లాంటిది వాడాలి. నొప్పి బిళ్ళలతో కిడ్నీని ముందే పాడుచేస్తే రేపు మార్ఫిన్ ఇవ్వడం కూడా కష్టమవుతుందని దీని అర్థం. ఒక మందును అజాగ్రత్తగా వాడితే తర్వాతి మందుకు దారి మూసుకుపోతుంది.

ఇంట్లోవాళ్లకూ ఒక అపోహ ఉంది. మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక రోజులు దగ్గరపడ్డాయని అనుకుంటారు. ‘అప్పుడే వద్దులెండి డాక్టరు గారూ’ అంటారు. ఆ మాటతో రోగి మరో నెల అరుస్తూ గడుపుతాడు. మార్ఫిన్ వేసుకుని లేచి తిరిగి, మనవడి పెళ్లిలో కూర్చుని, కౌలు లెక్క తానే చూసుకున్నవాళ్లు ఉన్నారు. నొప్పి తగ్గిన మనిషి తింటాడు, నిద్రపోతాడు, రేడియేషన్‌కు వెళ్లే ఓపిక తెచ్చుకుంటాడు. ఈ మాట ఆశా కార్యకర్త నోటి నుంచి వస్తే ఊరు నమ్ముతుంది.

ఇది చేయదగ్గ పనే అనడానికి దూరం వెళ్లనక్కర్లేదు. కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు 1993లో మొదలుపెట్టిన నొప్పి తగ్గించే పని ఊళ్లకు పాకి, 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కు, అంటే బాధ తగ్గించే సంరక్షణకు, ఒక విధానమే ప్రకటించింది. మంచం పట్టిన రోగి ఇంటికి నర్సు వెళ్లడం అక్కడ పంచాయతీ బాధ్యత అయింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఏళ్ల తరబడి పాలియేటివ్ కేర్ నడుపుతూ ఇతరులకు శిక్షణ ఇస్తోంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ వార్డులు తెరిచి, ఇళ్లకు వాహనాలు పంపింది. మన భాష మాట్లాడే రోగులకు, మన లాంటి ఆసుపత్రుల్లోనే అది జరిగింది. మనకూ పునాది లేకపోలేదు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని చిలకలూరిపేట పక్కన లింగంగుంట్లలోనే ప్రారంభించారు. ఏ ప్రభుత్వం మొదలుపెట్టిందన్నది రోగికి అనవసరం. ఊరికి డాక్టరు వస్తున్నాడు, విలేజ్ క్లినిక్‌లో నర్సు ఉంది, ఇంటింటి సర్వేలో క్యాన్సర్ అనుమానాలు నమోదవుతున్నాయి. ఆ గొలుసుకు నొప్పి వైద్యం అనే కొక్కెం తగిలించడమే మిగిలింది.

ఆ కొక్కెం ఎలా ఉండాలో నా అనుభవం మేరకు చెబుతాను. క్యాన్సర్ రోగి చేతికి తెలుగులో ఒక నొప్పి కార్డు ఇవ్వాలి. ఏ మందు, ఏ వేళకు, ఎన్నాళ్లు, వేళ కాకముందే నొప్పి లేస్తే ఏం వేసుకోవాలి అన్నది అందులో ఉండాలి. నొప్పి వచ్చాక అడుక్కుని వేసుకోవడం కాకుండా గడియారం చూసి వేసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మొదటి సూత్రాల్లో ఒకటి. వాపు తగ్గించే బిళ్ళ రాసినప్పుడు క్రియాటినిన్ ఎంతో, బీపీ ఎంతో, కడుపు మందు ఇచ్చారో లేదో ఆ కార్డు మీద రాయాలి, ఆ గడులు ఖాళీగా ఉంటే మందుల కిటికీ దగ్గర ప్రశ్నించాలి. ఆ పని ఫార్మసిస్టులకు అప్పగించండి, గర్వంగా చేస్తారు. నల్ల విరేచనం, మూత్రం తగ్గడం, కాళ్ల బలహీనత – ఈ మూడు కనిపిస్తే ఎవరికి ఫోను చెయ్యాలో ఒక నంబరు ఆ కార్డు మీద అచ్చు వేయించండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ చేసే ఆసుపత్రులన్నీ నొప్పి వైద్యం కూడా చేయాలనీ, ఇంటికి పంపే కాగితంలో నొప్పి ఎంత ఉందో, దానికి ఏమిచ్చారో రాయకపోతే బిల్లు ఆగుతుందనీ ఒక నిబంధన పెట్టండి. బిల్లు ఆగుతుందంటే కాగితం నిండుతుంది, కాగితం నిండాలంటే ఎవరో ఒకరు రోగిని ‘నొప్పి ఎలా ఉందమ్మా’ అని అడగాల్సి వస్తుంది.

ఖర్చు సంగతి ఆర్థిక శాఖ అడుగుతుంది. మార్ఫిన్ మాత్ర, ఒమెప్రజోల్, క్రియాటినిన్ పరీక్ష ఇవన్నీ చౌక. కడుపులో రక్తస్రావమై ఐసీయూలో చేరిన రోగికీ, డయాలసిస్ మొదలైన రోగికీ ప్రభుత్వం పెట్టే ఖర్చు వీటికి ఎన్నో రెట్లు.

ఈ సీజన్ మిరప విత్తనాలు నారుమళ్లలో పడేలోగా మార్ఫిన్ దొరికే ఆసుపత్రుల జాబితా వెలువడితే, కోతలు మొదలయ్యేనాటికి డాక్టర్ల శిక్షణ పూర్తిచేయవచ్చు. జాబితా వచ్చిన రోజున దాన్ని మా ఊరి మందుల షాపు గోడకు, ఆర్‌ఎంపీ గది తలుపుకు, సచివాలయం బోర్డుకు నేనే అతికిస్తాను. మార్ఫిన్ రిజిస్టర్ ఎలా రాయాలో కొత్త ఫార్మసిస్టులకు నేర్పించడానికి నాలాంటి రిటైరయినవాళ్లను పిలవండి. జీతం అక్కర్లేదు, వస్తాం.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక విశ్రాంత ప్రభుత్వ ఫార్మసిస్టు
పర్చూరు ప్రాంతం, బాపట్ల జిల్లా